మనం గెలిచిన కప్పులు, మనం చూడని మ్యాచులు

(సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న సంఘం పెద్దలకు, అమ్మలకు, అక్కలకు, ముందు వరసలో కూర్చున్న పిలకాయలకు, వెనకాల సవక చెట్లకు ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్ళకు నమస్కారం. జై ఆదివాసీ.

మన సభల్లో చదువు గురించి, కుల ధ్రువీకరణ పత్రాల గురించి, ఇళ్ళ పట్టాల గురించి మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. నాకు మాత్రం ఫుట్‌బాల్ గురించి చెప్పమన్నారు, అది కూడా నవ్వొచ్చేటట్టు చెప్పమన్నారు. నవ్వు రాకపోతే నన్ను పిలిచిన కార్యదర్శిని అడగండి.

ఫుట్‌బాల్ అభిమానికి ఒక జబ్బుంటుంది. జట్టు గెలిస్తే ‘మనం గెలిచాం’ అంటాడు. ఓడిపోతే ‘వాళ్ళు ఓడిపోయారు’ అంటాడు. ఈ జబ్బు బాగా ముదిరినోళ్ళం మా కాలనీలో నలుగురం ఉన్నాం. అందులో మా బావ రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా. నిద్ర ఆపుకోవడానికి ఫోన్‌లో పాత ఆటల కథలు చదువుతాడు. పొద్దున్నే టీ కొట్టుకాడికి వచ్చి, ఆ రాత్రే గెలిచినట్టు చెబుతాడు: “అబ్బయ్యా, మనం రోవర్స్ కప్పు వరసగా ఐదేళ్ళు గెలిచినాంరా!”

ఐదేళ్ళు నిజమే. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పును ఏటా ఎత్తుకుపోయిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ 1950 సీజన్లోనే డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్ మీద రెండు గోల్స్ వెనకబడి, చివర్లో 2-2 చేసి, మళ్ళీ పెట్టిన మ్యాచ్‌లో 1-0తో గెలిచారు. అవన్నీ సరే, అందులో ‘మనం’ యాడున్నాం? 1950లో నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. హైదరాబాద్ వేరే రాష్ట్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, అప్పటికీ హైదరాబాద్ వేరే. 1956 నవంబరు 1న కలిశాం. 2014లో మళ్ళీ విడిపోయాం. టీ కొట్టుకాడ ఈ లెక్క తెగదు. “నువ్వు చెప్పే ఐదు కప్పులూ మనం బయటున్నప్పుడు గెలిచినవి కదా మామా” అని ఒక పిలగాడు అడిగాడు. మా బావ టీ గ్లాసు కింద పెట్టి చాలాసేపు ఆలోచించాడు. “1957లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ గెలిచినారు. అప్పటికి మనం లోపలే ఉండాం. ఆ రెండూ రాసుకో” అన్నాడు.

ఇంకో చిక్కుంది. జట్టు పేరులోనే పోలీస్ ఉంది. మన తాతలకు పోలీస్ అనే మాట వినిపిస్తే ఏమయ్యేదో మీకు తెలుసు. నేరస్థ తెగల చట్టం కింద మనోళ్ళలో కూడా కొందరి మీద పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. రాత్రి అయితే హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. మన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే ఆ చట్టం ముందు మద్రాసు రాష్ట్రంలో, తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతా పోయింది. 1952 అంటే హైదరాబాద్ పోలీసులు మూడో రోవర్స్ కప్పు గెలిచిన ఏడు. అంటే ఇక్కడ మన ముసలాయన చేతిలో తాటాకు బుట్ట పట్టుకుని ఖాకీ చొక్కాని చూసి గట్టు దిగి పారిపోతున్న రోజుల్లోనే, అక్కడ పదకొండు మంది పోలీసులు ఎదుటోడి కాళ్ళ దగ్గర బంతి లాక్కుని పరుగెడుతుంటే బొంబాయి జనం చప్పట్లు కొట్టారు. ఈ మాట చెబితే మా పెద్దమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. “లాక్కోని పోతే పోలీసోళ్ళకి కప్పు ఇచ్చినారా? మనకైతే లాఠీ ఇచ్చేవోళ్ళే” అంది. ఫుట్‌బాల్ గురించి నేను విన్న మాటల్లో అంత సూటి మాట ఇంకోటి లేదు.

ఆ జట్టు వెనక ఉన్న మనిషి పోలీసు పనితో పైకి వచ్చినవాడు కాదు, స్కూలు మాస్టారు. సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది, అజయ్ దేవగన్ వేసింది ఆయన పాత్రే. సినిమా చూసినవాళ్ళు చేతులెత్తండి. ఆరుగురు. పుష్ప చూసినవాళ్ళని అడగను, కుర్చీలు పడిపోతాయి.

రహీం సాబ్ పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒక టోర్నమెంటులో బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ ముందుకు పోకూడదు, రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలి. ఊహించుకోండి, ఎంత నవ్వులాటగా ఉండేదో. బంతి ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి. కానీ ఆ నవ్వులాట నుంచే రెండు కాళ్ళతో ఆడే ఆటగాళ్ళు వచ్చారు.

సికిందరాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఉండేవాడు. పేద ఇల్లు. రహీం సాబ్ ఆట చూసి రమ్మంటే, అంత దూరం రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడు. సైకిలు అద్దెకు డబ్బులు తనే ఇచ్చి రమ్మన్నాడు రహీం. ఆ కుర్రవాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. ఆ ఒలింపిక్స్‌లో మనం ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచాం. చూశారా, మళ్ళీ ‘మనం’ అన్నాను. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1తో ఓడిపోయింది మాత్రం వాళ్ళే. అంతకు నాలుగేళ్ళ ముందు హెల్సింకీలో అదే యుగోస్లావియా 10-1తో కొట్టింది. ఆ పది గోల్స్ గురించి మా బావని అడిగితే “చలి అబ్బయ్యా, చానా చలి. సగం మందికి కాళ్ళకి బూట్లు గూడా లేవు” అంటాడు. అది సాకు కాదు, చాలామంది నిజంగానే ఉత్తకాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి చేశారు.

ఉత్తకాళ్ళు అంటే మనకి గుర్తొచ్చేది వేరే. మైపాడు ఇసకలో, కాలవ గట్టు మీద మనం పుట్టినప్పటి నుంచి ఉత్తకాళ్ళే. అందుకే ఈ సంగతి మీరు వినాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ మన ఆదివాసీ. నాగా కొండల నుంచి వచ్చిన తాలిమెరెన్ ఆవ్. కలకత్తాలో డాక్టరు చదువు చదువుతూ మోహన్ బగాన్‌కి ఆడాడు. ఆ జట్టులో కూడా ఎక్కువమంది ఉత్తకాళ్ళే. ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు, అది కూడా రెండు పెనాల్టీలు చెయ్యి జారాక. సారీ, కాలు జారాక. ఆయన ఆట మానేశాక తన కొండలకి తిరిగిపోయి డాక్టరుగా బతికాడు. స్కూల్లో మనకి ఆ పేరు ఎవరూ చెప్పలేదు.

జకార్తా సంగతి చెప్పకపోతే మా బావ నన్ను ఇంటికి రానివ్వడు. 1962 ఆసియా క్రీడల ఫైనల్, సెప్టెంబరు 4, ఎదుట దక్షిణ కొరియా. స్టేడియం అంతా మనమీద కోపంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని మన దేశం తరపు పెద్దమనిషి ఒకరు గట్టిగా అడిగినందుకు ఆ కోపం. సికిందరాబాద్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే లేచాడు. ఈ తంగరాజ్ మొదట్లో గోల్స్ కొట్టే స్థానంలో ఆడేవాడంట, తర్వాత గోల్స్ ఆపే స్థానానికి వచ్చాడు. జర్నైల్ సింగ్ తలకు కుట్లు. వెనక ఆడే మనిషిని రహీం ముందుకు పంపితే, ఆ కుట్లతోనే ఆడి గోల్ కొట్టాడు. ఇంకోటి పి.కె. బెనర్జీ. 2-1. బంగారు పతకం. గ్యాలరీలో మనకోసం అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్ళున్నారు, నమ్మండి నమ్మకపోండి. రహీం సాబ్‌కి అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. తర్వాతి ఏడు 1963 జూన్‌లో పోయాడు.

ఆ తర్వాత కథ గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే చెప్పడానికి పెద్దగా లేదు. పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది, కొన్నాళ్ళు గెలిచింది, మెల్లగా మరుగున పడింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని కొత్త క్లబ్బు వచ్చింది. పుణెలో మూతపడ్డ క్లబ్బు స్థానంలో పెట్టారు. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్‌ఎల్ ఫైనల్. స్టేడియం నిండా కేరళ పసుపు చొక్కాలు. ఓడిపోతున్నాం అనుకుంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. రాత్రి పదింటికి మా కాలనీలో మేం నలుగురం అరిచిన అరుపుకి కుక్కలన్నీ లేచినాయి. పాము కరిచిందేమోనని పక్కింటామె టార్చిలైటు తెచ్చింది. ఏం చూసి సంతోషించామో ఏమో, తర్వాత జీతాల గొడవలు, ఆటగాళ్ళు వెళ్ళిపోవడం, 2025లో ఆ క్లబ్బు ఏకంగా ఢిల్లీకి వెళ్ళిపోయింది. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది. మధ్యలో మన దగ్గర భోజనానికి దిగింది. మా బావ ఒక్క మాటే అన్నాడు: “బాతులు మేపేవోళ్ళు గూడా అంత తొందరగా మకాం మార్చర్రా.”

ఇప్పుడు మన జట్టు సంగతి. మన కాలనీకి జట్టుండేదని మీలో ఎంతమందికి తెలుసు? అందరికీ కలిపి రెండు జతల బూట్లు. పెనాల్టీ కొట్టేవాడికి, గోల్‌కీపర్‌కి ఇచ్చేవాళ్ళం. పెనాల్టీ అయిపోగానే కొట్టినవాడు గ్రౌండు మధ్యలోనే బూట్లు విప్పేవాడు. ఒక సంక్రాంతి పోటీలో మనకి ఏడు గోల్స్ పడ్డాయి. ఆ గోల్‌కీపర్ ఇప్పుడు ఈ వేదిక మీదే కూర్చుని నా వైపు గుర్రుగా చూస్తున్నారు. పేరు చెప్పను సార్, భయపడకండి.

ఇంకో ఏడు ఒక పెద్ద ఊరి పోటీకి పోయాం. బోర్డు మీద మిగతా జట్లకి సింహాలు, పులులు, యూత్ అని పేర్లు రాశారు. మన జట్టుకి ‘ఎస్టీ’ అని రాసి వదిలేశారు. ఆ రోజు మనం రెండు మ్యాచులు గెలిచాం. సెమీస్‌కి పోయాక కూడా బోర్డు మీద ఎస్టీయే. మా అన్న ఒకడు పోయి, సుద్దముక్క అడిగి, పదకొండు మంది పేర్లూ బోర్డు కింద గోడ మీద రాశాడు. వాళ్ళు తిట్టారు, గోడ తుడవమన్నారు. ఆయన తుడవలేదు. వాన వచ్చేదాకా ఆ పేర్లు అక్కడే ఉన్నాయి. ఆ పదకొండు మందిలో నలుగురు ఇప్పుడు లేరు. మిగతా ఏడుగురిలో ఎవరు ఏ గోల్ కొట్టారో అడిగితే ఏడు రకాలుగా చెబుతున్నారు. అందరూ తామే కొట్టామంటున్నారు. గెలిచిన మ్యాచ్ కదా.

ఆడపిల్లలు ఇది మగపిల్లల కథ అనుకుంటున్నారేమో. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన లంబాడీ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియా జట్టుకి ఆడుతోంది. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి ఆడొచ్చింది. 2024-25కి దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికయింది. మా బావ అప్పుడే “మనమ్మాయి” అంటున్నాడు. ఈసారి ఎవరూ లెక్కలు అడగలేదు.

సరే, పెద్దలు గడియారం చూపిస్తున్నారు. సాయంత్రం నాలుగింటికి సవక తోపు వెనక మ్యాచ్ ఉంది, ఆడపిల్లలు మగపిల్లలు కలిపి రెండు జట్లు. రహీం సాబ్ పద్ధతి: వాటం లేని కాలితోనే తన్నాలి, వాటం ఉన్న కాలు తగిలితే బంతి అవతలి వాళ్ళకి. బూట్లు వద్దు. స్కోరు పుస్తకం నా దగ్గర ఉంది, రెండు పెన్నులు కూడా తెచ్చాను. గోల్ కొట్టినవాళ్ళు ఇంటిపేరుతో సహా చెప్పి రాయించుకుని పోండి. ఏడు గోల్స్ సార్ రిఫరీగా ఉంటామన్నారు.