ప్రాంతీయ స్వపరిపాలనకు కొలబద్ద

శామీర్‌పేట ఉన్నచోటనే ఉన్నది. దానికి దక్షిణముననున్న హైదరాబాదు నాడును నేడును రాజధానియే. అయినను ఒక్క జీవితకాలములోనే ఈ ఊరిపై ప్రభుత్వము పలుమారులు మారినది. 1948 సెప్టెంబరు వరకు నిజాము ఏలుబడి. అటుపిమ్మట 1956 వరకు హైదరాబాదు రాష్ట్రము. ఆ యేడు నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుండి తెలంగాణ. ఈ మార్పులలో ప్రాంతమునకు అధికారము పెరిగినదా, తరిగినదా? కొలబద్ద లేనిదే ఈ వాదము తేలదు.

అట్టి కొలబద్దను లీస్‌బెట్ హూగె, గ్యారీ మార్క్స్ అను రాజనీతి పండితులును, వారి సహచరులును సిద్ధపరచిరి. ప్రాంతీయ ప్రభుత్వమునకు వారు ఇచ్చు మార్కులు అత్యధికముగా 30. అందు 18 స్వపాలనకు. తన శాసనసభను, మంత్రివర్గమును తానే ఏర్పరచుకొనునా? ఏయే విషయములపై అధికారము కలదు? పన్ను వేయగలదా? అప్పు తేగలదా? ఇవి ఇక్కడి ప్రశ్నలు. మిగిలిన 12 సహపాలనకు. అనగా దేశమంతటికి చేయు చట్టములలో, పన్నుల పంపకములో, రాజ్యాంగ సవరణలో ప్రాంతమునకు గల పాలు ఎంత అని.

ఈ ప్రశ్నలతో మన చరిత్రను చూతము. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందము ననుసరించి, 1958లో రాష్ట్రపతి ఉత్తరువుతో తెలంగాణ ప్రాంతీయ సంఘము ఏర్పడినది. విద్య, ప్రజారోగ్యము, వ్యవసాయము వంటి పెక్కు విషయములు దాని పరిశీలనకు వచ్చెడివి. కాని పన్ను వేయు అధికారము దానికి లేదు. ప్రభుత్వముతో అభిప్రాయభేదము వచ్చినచో గవర్నరు నిర్ణయమే తుది నిర్ణయము. మాటకు చోటున్నది, చేతికి సంచి లేదు. 1973 నాటి ఆరు సూత్రాల పథకముతో దాని కథ ముగిసినది.

ఇక సహపాలన సంగతి. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించుచు తీర్మానించినది. అయినను ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించినది. మన రాజ్యాంగము మూడవ అధికరణము ప్రకారము రాష్ట్రముల సరిహద్దులు మార్చుటకు ఆయా శాసనసభల అభిప్రాయము అడిగిన చాలును, అంగీకారము అక్కరలేదు. అమెరికాలో ఒక రాష్ట్రమును చీల్చవలెనన్న ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. ఒకనాడు తెలంగాణకు మార్గమైన ఈ మూడవ అధికరణము నేడు తెలంగాణకును వర్తించునన్న మాట మరువరాదు.

ఒకచోట తగ్గినది మరియొకచోట కొంత పెరుగుటయు కలదు. 2017 జులై 1కి ముందు అమ్మకపు పన్ను రేట్లను రాష్ట్రములే చాలవరకు నిర్ణయించెడివి. వస్తు సేవల పన్ను వచ్చినపిమ్మట మద్యము, పెట్రోలు వంటివి తప్ప మిగిలిన వాటికి ఉమ్మడి మండలి రేట్లను సిఫారసు చేయుచున్నది. అందు కేంద్రము ఓటు విలువ మూడింట ఒక వంతు, రాష్ట్రములన్నిటిది కలిపి రెండు వంతులు. తీర్మానము నెగ్గుటకు నాలుగింట మూడు వంతులు కావలెను. కేంద్రము ఒక్కటియే అడ్డగింపగలదు. ఏ ఒక్క రాష్ట్రమునకును ఆ శక్తి లేదు. స్వపాలన కొంత ఇచ్చి సహపాలన కొంత పుచ్చుకొంటిమి. ఈ మారకము సమానమా అన్నదే విచారింపవలసిన విషయము.

ఈ కొలబద్దకు ఒక హద్దు కలదు. సగటున లక్షా యాబది వేల జనాభాకు తక్కువైన పాలనా శ్రేణిని అది లెక్కింపదు. రాష్ట్రము, జిల్లా కొలతకు అందును. శామీర్‌పేట వంటి ఊరి పాలన అందదు. 1992 నాటి 73వ సవరణ గ్రామ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వానిని ఎంతమేరకు అప్పగించుటయన్నది రాష్ట్రముల చేతిలోనే ఉంచినది. ఢిల్లీని మనము అడుగు ప్రశ్నలనే ఊరు హైదరాబాదును అడుగవచ్చును: విషయము లిచ్చితిరి సరే, నిధులేవి? మమ్ము గురించిన నిర్ణయములో మా మాటకు విలువ యెంత? పై వారిని అడిగిన లెక్కను క్రింది వారికి అప్పజెప్పినప్పుడే స్వపరిపాలన అను మాటకు సార్థకత కలుగునని మా అభిప్రాయము.