కావ్యము కొంచెము, కడవలు ఎక్కువ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను భారతమునుండి ఏదైన నొక ఘట్టమును గూర్చి మాటలాడుమనిరి. ఖాండవదహనమును చెప్పెదనని ఒప్పుకొంటిని. తీరా గ్రంథము విప్పి కూర్చుండగా మనసు మరియొక దహనముమీదికి పోయినది. అందుచేత నేడు కావ్యము కొంచెము, కడవలు ఎక్కువ. రసికులు మన్నింతురు గాక.

మన కావ్యములలో అగ్ని మహావైభవముతో మండును. ఖాండవమున ఇంద్రుడు వాన గురియించి ఆర్పజూచెను గాని, అర్జునుని శరముల పందిరి ఆ నీటిని క్రిందికి రానీయలేదు. లంకలో తోకకు నిప్పంటించినవారే తమ మేడలను కోల్పోయిరి. ఆర్పుటకు వలసిన సరంజామాను గూర్చి మాత్రము నాకు తెలిసిన కవులెవ్వరును పద్యము వ్రాయలేదు. ఆ పని చేసినవాడు కౌటిల్యుడు. 1909లో మైసూరులో శామశాస్త్రిగారు అచ్చువేయించిన అర్థశాస్త్రమున నగరపాలనను చెప్పు ప్రకరణమును చూడుడు. గడ్డికప్పులను తీసివేయవలెనట. ప్రతి యింటివాడును నీటికుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కప్పును పెరుకు కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగా నుంచుకొనవలెనట. వీథులలోను కూడళ్లలోను కుండలను వేలకొలదిగా వరుసలు తీర్చవలెనట. నిప్పంటుకొన్నదని తెలిసియు పరుగెత్తి రాని గృహస్థునకు 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు జరిమానా. పద్దులు వ్రాసుకొని బ్రతుకువాడనగుటచే ఈ పట్టీ నాకు మిక్కిలి నచ్చినది. అయితే ఆ జరిమానా నామీదను పడవలసినదే.

ముప్పది యేండ్ల క్రిందటి మాట. అగ్నికర్తరి దినములు, మిట్టమధ్యాహ్నము, పడమటి గాలి. తాటాకు ఇండ్ల వీథిలో ఒక మూల పొగ లేచినది. ఎవరో పారవేసిన చుట్టముక్క యని తరువాత చెప్పుకొనిరి. మన ప్రాంతమున ముసలమ్మలు నిప్పును నోటిలోనికి త్రిప్పుకొని అడ్డపొగ త్రాగుదురు. దానివలన వారి నోటికి కీడే గాని ఇంటికప్పులకు కాదు. ఇండ్లను కాల్చినది మగవారి చుట్టలే. ఊరంతయు కుండలతో నూతికి పరుగెత్తినది. ఒకడు తోడుచుండగా పదిమంది త్రోసుకొనిరి. నిండిన కుండ వీథిలోనే సగము ఒలికినది. నేనేమి చేసితిని? గ్రామపు లెక్కల పెట్టెను భుజమున కెత్తుకొని చెరువుగట్టు చేర్చితిని. ప్రక్కయింటి అవ్వ పాకలో ఆవు, దూడ కట్టివేసియుండెను. వాటి అరపులు నాకు వినబడినవి. పెట్టె దింపి వచ్చి విప్పుదుననుకొంటిని. వచ్చునప్పటికి అరపులు లేవు. సాయంత్రము అవ్వ నన్ను తిట్టలేదు. "పుస్తకాలు తెచ్చుకున్నావు గానీ బాబూ, నా ఆవుని ఇప్పనేదేటి?" అని మాత్రము అడిగినది. ఆ సంవత్సరపు లెక్కలు ఒక్క పైసా తేడా లేకుండ సరిపోయినవి.

అగ్నిమాపక శాఖలో ఉద్యోగము చేసి విశ్రాంతి పొందిన పెద్దమనిషి యొకడు మన యూరికి తిరిగివచ్చిన పిమ్మట, ఈ సంగతిని ఆయనకు చెప్పుకొంటిని. తన పేరు సభలో చెప్పవలదని ఆయన కోరిక. "ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుట మానుదము, ఆదివారము పిల్లలను పిలువు" మనెను. 1956లో రాంపురమున ఆరంభమై మరుసటి యేట నాగపురమునకు మారిన జాతీయ అగ్నిమాపక కళాశాలవంటి చోట్ల నేర్పుటకు యంత్రములున్నవి, తగిన కట్టడములున్నవి. మనకున్నవి రెండు నిచ్చెనలు, మామిడికాయలు కోయు దోటులు, గోగునార సంచులు, పొలములో మోటారుకు తగిలించు లపేట గొట్టము, ఈ గ్రంథాలయపు గది.

మొదటి పాఠము 101కి ఫోను చేసి ఊరిపేరు, దారి, కాలుచున్నదేమో తడబడక చెప్పుట. ఇది తేలిక యనుకొంటిమి. ఎనిమిదిమందిలో ఐదుగురు ఊరిపేరు చెప్పుట మరచిరి.

రెండవది కడవల వరుస. నూతినుండి బడిగోడ వరకు మనుషులను చేయిచాచు దూరమున నిలిపి, నిండినవి ఒక వరుసలోను, ఖాళీవి పిల్లల వరుసలోను నడిపించితిమి. ఎవ్వరును పరుగెత్తరాదు. నేను ప్రక్కన కూర్చుండి గీతలు గీసితిని. ఎవరి కుండ వారు మోసిన దినముకంటె నీరు ఎక్కువ చేరినది, ఆయాసము తక్కువైనది. నీటిని మంటనాలుకలమీద గాక, కాలుచున్న వస్తువుమీద పోయవలెనని ఆయన పదేపదే చెప్పెను. కౌటిల్యుని కొక్కెము పనిని మన దోటులు చేసినవి: అంటుకొన్న కప్పును ఆర్పుట సాధ్యము కానప్పుడు గాలివాలున నున్న ప్రక్కకప్పును ముందుగా లాగివేసి మంటకు మేత లేకుండ చేయుట. ఈ పాఠమునకు పాత పందిరి ఒకటి బలియైనది. దాని యజమాని ఇంకను నాతో ముభావముగానే యున్నాడు.

గడ్డికుప్పను గూర్చి ఆయన 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగినది చెప్పెను. ఫోర్ట్ స్టికిన్ అను ఓడలో ప్రత్తిబేళ్లు, ప్రేలుడు సామగ్రి కలిసియుండెను. బేళ్లలో రగిలిన నిప్పు ఎచ్చటనున్నదో దొరకక ఎంత నీరు పోసినను ఆరలేదు. ఓడ ప్రేలి నగరములో కొంత భాగము నాశనమైనది. అగ్నిమాపక దళమువారే 60 మందికి పైగా మరణించిరి. అందుచేతనే ఆ తేదీన మన దేశమున అగ్నిమాపక దినమును జరుపుదురు. గడ్డికుప్పయు అట్టిదే, పైన చల్లారినట్లుండి లోపల నిప్పు దాగియుండును. విడదీసి, తడిపి, రాత్రియంతయు కాపు కాయవలెను.

మూకుడులో నూనె మండించి, దానిపై తడిపి గట్టిగా పిండిన గోనెను కప్పుట ఆడువారు మనకంటె చక్కగా చేసిరి. మరుగు నూనెలో నీరు పడెనా, అది అడుగునకు దిగి ఆవిరియై పదునేడువందల రెట్లు పొంగి నూనెను ముఖమునకు చిమ్మును. కరెంటు తీగ యున్నచోట మొదట సరఫరా ఆపవలెను, తరువాతనే నీరు.

అన్నిటికంటె కష్టమైనది ఈ గదిలోనే జరిగినది. బల్లలను అడ్డదిడ్డముగా పెట్టి, కిటికీలు మూసి, కండ్లకు గుడ్డ కట్టి లోనికి పంపెను. పొగ పైకి లేచును గనుక నేలకంటి ప్రాకవలెను. కుడిచేయి గోడను విడువరాదు. ఆ గోడయే వెలుపలికి దారి చూపును. మూల నొక గుంజకు పలుపుతో మట్టి నింపిన గోనెను కట్టియుంచిరి. దానిని విప్పి, లేదా కొడవలితో కోసి, ఈడ్చుకొని రావలెను. కుర్రవాండ్రు నవ్వుచు పోయి, చెమటలతో వచ్చిరి.

ఏబది దాటినవాడవు, వలదనిరి. నేనును కండ్లు కట్టించుకొని ప్రాకితిని. పురాణముల బీరువా దాటినంతనే దారి తప్పితిని. ముడి చేతికి దొరికినది గాని విప్పుట తెలియలేదు, వ్రేళ్లు వణకినవి. వెలుపలనుండి ఆయన "తాడు లాగకు, గోనెను ముందుకు తోసి ముడిని వదులు చేయు" మని కేకవేసెను. బిగిసిన పలుపు విడుటకు పశువును గుంజవైపునకు జరుపవలెనట. ముప్పది యేండ్ల క్రిందట ఈ ఒక్క మాట నాకు తెలియదు. తెలిసినను ముందుగా పెట్టెనే ఎత్తుకొనియుందునేమో. ఇప్పుడు లెక్కలపెట్టె తాళము వాకిటి మేకునకు వ్రేలాడుచుండును. అది ఎవరైనను తీసికొనిపోవచ్చును.

కర్తరికి ముందుగా దోటులకు క్రొత్త కొక్కెములు వేయించవలసియున్నది. కమ్మరికి బయానా ఇచ్చితిమి. మిగిలిన పైకము చందాదారులనుండి రావలెను. పట్టీ ఈ బల్లమీదనే పెట్టితిని.