కామెర్లు వచ్చిన ఇంట మనము
(సంఘ ఆరోగ్య కూటమిలో చేసిన ప్రసంగము)



మన ఊళ్లలో ఎవరికైనను కన్నులు పచ్చబడి, అన్నము సయింపక, మూత్రము ముదురు పసుపుగా వచ్చిన యెడల మొదట వినబడు మాట "పసరు పోయించండి" అనునదే. కొందరు చేతికి వాత పెట్టించుదురు. కొన్నాళ్లకు రోగి లేచి తిరుగును. పసరుకు పేరు వచ్చును. అయితే అదే పసరు త్రాగిన మరియొకరు ఏండ్లు గడచిన పిమ్మట పొట్టకు నీరు పట్టి కన్నుమూయుదురు. ఒకే మందు ఒకరియందు పనిచేసినట్లును, మరియొకరియందు పనిచేయనట్లును ఏల కనబడుచున్నది? ఈ ప్రశ్నకు జవాబు తెలిసికొనుట మనకు ప్రాణావసరము.

కామెర్లు రోగము కాదు, రోగమునకు గురుతు. రక్తములోని ఎఱ్ఱ కణములు ముదిరి నశించునప్పుడు ఒక పచ్చని పదార్థము పుట్టును. దానిని పైత్యరసములో కలిపి బయటికి పంపుట కాలేయము పని. కాలేయము వాచి ఆ పని కుంటుపడినచో ఆ పచ్చదనము కంటికిని చర్మమునకును ఎక్కును. ఈ వాపునే వైద్యులు హెపటైటిస్ అందురు. సారా వలనను, కొన్ని మందుల వలనను అది కలుగవచ్చును. వైరస్‌ల వలన కలుగునది వేరు. ఆ వైరస్‌లలో ముఖ్యమైనవి ఐదు: ఏ, బి, సి, డి, ఇ.

వీటిలో ఏ, ఇ అనునవి నోటి ద్వారా వచ్చును. రోగి మలము కలిసిన నీరు, కడుగని చేతులు, ఈగలు వ్రాలిన ఆహారము వాటికి దారి. 1955-56లో ఢిల్లీ నగరమున మురుగునీరు త్రాగునీటిలో కలిసి సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చెను. అది ఇ వైరస్ పని అని చాల ఏండ్లకు గాని తెలియలేదు. సోవియట్ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ బలయాన్ రోగుల మలము నుండి తీసిన ద్రవమును తానే త్రాగి, జబ్బుపడి, తన మలములో ఆ వైరస్‌ను చూచి 1983లో లోకమునకు తెలిపెను.

ఈ రెండును సాధారణముగా కొద్ది వారములలో వాటంతట అవే తగ్గును. పసరుకు పేరు తెచ్చినది ఇదే! శరీరమే బాగుచేసికొనగా పసరు పొగడ్త పొందుచున్నది. అయినను ఒక హెచ్చరిక. నిండు గర్భిణికి చివరి మూడు నెలలలో ఇ వైరస్ సోకినచో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణింపవచ్చును. అట్టి తల్లిని పసరు వైద్యుని యొద్దకు గాక, ఆ దినముననే పెద్దాసుపత్రికి తీసికొని పోవలెను.

బి, సి, డి అనునవి వేరు జాతి. ఇవి ముఖ్యముగా రక్తము ద్వారా వచ్చును. ఒకరికి వాడిన సూది మరియొకరికి వాడుట, పరీక్షింపని రక్తమెక్కించుట, క్షౌరపు కత్తి, పచ్చబొట్టు సూది వీటికి దారులు. బి వైరస్ దాంపత్య సంబంధము వలనను, కాన్పు సమయమున తల్లినుండి బిడ్డకును వచ్చును. శరీరము వెలుపల కూడ అది కనీసము 7 దినములు చావకుండ ఉండగలదు. డి వైరస్ ఒంటరిగా బ్రతుకలేదు. బి ఉన్నవారికే సోకును.

బి వైరస్‌ను కనుగొన్నందుకు అమెరికా వైద్యుడు బరూచ్ బ్లంబర్గ్ 1976లో నోబెల్ బహుమానము పొందెను. ఆయన జన్మదినమైన జూలై 28నే ప్రపంచ హెపటైటిస్ దినముగా ఆచరించుచున్నారు. సి వైరస్ 1989లో బయటపడెను. అందుకై కృషిచేసిన ముగ్గురికి 2020లో ఆ బహుమానము లభించెను.

పెద్దవారికి బి సోకినచో నూటికి 95 మందికి పైగా దానిని జయింతురు. పసికందుకు సోకినచో నూటికి 95 మందిలో అది జీవితాంతము నిలిచిపోవును. కామెర్లు కనబడకయే 20, 30 ఏండ్లు కాలేయమును తినివేసి, గట్టిపడజేసి, క్యాన్సరుకు కూడ దారితీయును. కనుక కన్ను తెల్లబడినంత మాత్రమున వైరస్ పోయెనని అనుకొనరాదు. రక్తపరీక్షయే సాక్ష్యము చెప్పగలదు.

నివారణ మన చేతిలోనే ఉన్నది. 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ బి టీకాను స్వదేశములో తయారుచేసి, విదేశీ టీకా కొనలేని పేదలకు అందుబాటులోనికి తెచ్చెను. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు మొదటి మోతాదు వేయించవలెను. ప్రభుత్వాసుపత్రిలో ఇది ఉచితము. సి వైరస్‌కు టీకా లేదు గాని, సుమారు 12 వారములు మాత్రలు వాడినచో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమగును. బి వైరస్‌ను అణచియుంచు మాత్రలును కలవు. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ పరీక్షలును మందులును ఉచితముగా ఇచ్చుచున్నారు.

ఇక మన హృదయములను గూర్చి ఒక మాట. రక్తపరీక్షలో బి ఉన్నదని తేలిన కోడలికి వేరు కంచము పెట్టు ఇండ్లు ఉన్నవి. కుదిరిన సంబంధములు తప్పిపోవుచున్నవి. కరచాలనము వలన, ఒక బంతిని కూర్చుండి భుజించుట వలన, ఒకే గ్లాసున త్రాగుట వలన బి గాని సి గాని రాదు. భర్తకున్నచో భార్య పరీక్ష చేయించుకొని టీకా తీసికొనవచ్చును. తల్లికున్నచో బిడ్డకు పుట్టగానే టీకాయు, దానితో పాటు రక్షణనిచ్చు మరియొక ఇంజక్షనును వేయింతురు. ఆ తల్లి తన బిడ్డకు పాలివ్వవచ్చును. రోగిని వెలివేయుటకు వైద్యములో ఆధారము లేదు, సువార్తలో అసలే లేదు.

కావున మన సంఘములో ప్రసవమునకు సిద్ధముగా ఉన్న తల్లుల పేర్లు స్త్రీల సమాజమువారు వ్రాసికొందురు గాక. వారికి బి పరీక్ష జరిగినదో లేదో అడుగుదము. జరుగనిచో తోడుండి తీసికొని వెళ్లుదము. పుట్టబోవు బిడ్డకు ఆ 24 గంటలు దాటిపోకుండ చూచుట మన అందరి పని.