మంచం మీద నుంచి లేచే హక్కు
(వీరులపాడు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా అత్తగారికి కుడి చెయ్యి, కాలు పడిపోయినప్పుడు ఆస్పత్రివాళ్లు మందుల చీటీ ఇచ్చి ఇంటికి పంపేశారు. వ్యాయామం గురించి ఒక్కరూ చెప్పలేదు. మేమూ విశ్రాంతి పేరుతో ఆమెను మంచానికే అంటిపెట్టాం. లేపాల్సినప్పుడల్లా పడిపోయిన చెయ్యి పట్టుకునే లాగాం. మూడు నెలలకు భుజం బిగుసుకుపోయింది. అలా లాగకూడదని ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా మాకు తెలియదు.

పక్షవాతంలో చనిపోయిన మెదడు కణాలు తిరిగి రావు. కానీ ఒక పనిని పదే పదే చేయిస్తే మెదడులో మిగిలిన భాగాలు దాన్ని నేర్చుకోగలవు. అందుకే మొదటి నెలలు అంత విలువైనవి. మామగారికి జబ్బు చేస్తే అత్తగారూ కోడలూ దగ్గరుండి చేయిస్తారు. మరి అత్తగారికి చేస్తే ఆ అరగంట ఎవరిది? కొడుకుది ఎందుకు కాకూడదు?

ఇక మన నడుముల సంగతి. పత్తి తీసి, మిరపకాయలు కోసి వంగిపోని నడుం ఇక్కడ ఎవరికుంది? నొప్పి బిళ్ల వేసుకుని మళ్లీ చేలోకే పోతున్నాం. దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామం చికిత్సలో భాగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అయితే కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మనం పైకి చెప్పుకోని బాధ ఇంకోటుంది. దగ్గితే మూత్రం పడుతుంది, గర్భసంచి జారుతుంది. మూత్రం బిగబట్టే కండరాలను రోజూ బిగించి వదిలే వ్యాయామం, సరిగా నేర్చుకుని కొన్ని నెలలు చేస్తే, మొదటి దశలో చాలామందికి మేలు చేస్తుంది. మనకు మాత్రం ముందు ఆపరేషనే చెబుతారు. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో మన రాష్ట్రంలోనే ఎక్కువని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1894లో బ్రిటన్‌లో ఈ వృత్తికి సంఘం కట్టింది నలుగురు నర్సులు, ఆడవాళ్లే. అయినా ఇవాళ మన ఊళ్లో స్త్రీకి అది అందాలంటే నందిగామకో విజయవాడకో బస్సెక్కాలి. చార్జీలు, పోయిన కూలి, వెంట ఒక మనిషి. ఒక్కసారి కాదు, వారాల తరబడి. అందుకే చాలామంది మధ్యలోనే మానేస్తున్నారు. దాన్ని వాళ్ల అశ్రద్ధ అనడం అన్యాయం.

వికలాంగులకు, ముఖ్యంగా గ్రామాల్లో, దగ్గరలోనే ఉచిత వైద్యం అందాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. ఆదాయ పరిమితికి లోబడి ఇది ప్రభుత్వ బాధ్యత. కాబట్టి రెండు విషయాలు గట్టిగా అడుగుదాం. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు మందుల చీటీతోపాటు చేయాల్సిన వ్యాయామాలు తెలుగులో రాసివ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారంలో ఒక నిర్ణీత రోజున ఫిజియోథెరపిస్టు రావాలి.

మా అత్తగారి భుజం పూర్తిగా రాలేదు. కానీ ఇప్పుడు తన ముద్ద తానే కలుపుకుంటోంది. ఆ మూడు నెలలు మేం పోగొట్టుకున్నాం. మీ ఇంట్లో ఎవరూ పోగొట్టుకోవద్దు.