జీవకణం చెప్పిన సాక్ష్యం



మొన్న ప్రయోగశాలలో తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె సీసా చూపి, "నీరు తేటగా ఉంది, పరీక్షలో దోషమేమీ కనబడలేదు. ఇక మంచిదేనా అమ్మా?" అని అడిగింది. అప్పుడు బదులు చెప్పలేకపోయాను; నేడు చెబుతాను.

1980ల చివర బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో అనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ రొమ్ము క్యాన్సరు కణాలను పెంచుతుండేవారు. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తగిలితేనే అవి విరివిగా వృద్ధి చెందేవి. ఒకనాడు హార్మోను చేర్చని పాత్రలలో సైతం పెరగసాగాయి! నెలల తరబడి వెదకగా దోషి దొరికింది: ద్రవాలను నిల్వచేసే ప్లాస్టిక్ గొట్టాలు. వాటినుండి ఊరిన నోనైల్‌ఫినాల్ హార్మోను వలె నటించింది. 1991లో ఈ సంగతి ప్రకటించారు.

రసాయన పరీక్ష మనం పేరుపెట్టి వెదికిన పదార్థాన్నే చూపుతుంది. కణమైతే పేరెరుగని దాని ప్రభావాన్ని కూడా పసిగడుతుంది. 1996లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు, రొట్టెను పొంగించే ఈస్టులో మానవ ఈస్ట్రోజెన్ గ్రాహకపు జన్యువును ఇమిడ్చి, పసుపు ద్రవం ఎర్రబారే పరీక్షను ప్రచురించారు. పసుపులో సున్నం కలిపిన పారాణిని తలచుకోండి; పోలిక రంగుకే సుమా, కారణం వేరు. నదినీటి నమూనాలనూ ఇట్లా పరీక్షించవచ్చు. అయితే దోషి ఎవరో కణం చెప్పదు. అది వెదకవలసింది మళ్ళీ రసాయనశాస్త్రమే.

అమ్మాయీ, మనం చూచినవి ఆమ్లత, కాఠిన్యం, క్లోరైడు మాత్రమే. నీ పుస్తకంలో "నీరు మంచిది" అన్న వాక్యం కొట్టివేసి, "చూచిన మూడింటిలో దోషం లేదు" అని వ్రాయి.