గుట్టల పట్నంలో ఏ బండి ఎక్కాలె?

(గోదావరిఖనిలో మహిళా సంఘం సభ్యులతో మాట్లాడిన మాటలు)



మనం రామగుండంలో రైలెక్కి పట్నం పోతుంటాం. దవాఖానకు పోతాం. పిల్లల కాలేజీకి పోతాం. బిడ్డను చూడబోతాం. సికింద్రాబాద్‌లో దిగినంక ఏ బండి ఎక్కాలె? ఆటో అతను అడిగినంత ఇచ్చుడేనా? ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

హైదరాబాద్ చదునైన ఊరు కాదు. రాళ్ల గుట్టల మీద పెరిగిన ఊరు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టలే. అడ్డగుట్ట పేరులోనే గుట్ట ఉంది. ఇటువంటి ఊళ్లో ఒక్క రకం బండి అందరికీ సరిపోదు. ఎందుకో చూద్దాం.

రైలు

రైలుది ఇనుప చక్రం. పట్టా కూడా ఇనుమే. చదును మీద సులువుగా ఉరుకుతుంది. నిటారు ఎత్తు మాత్రం ఎక్కలేదు, చక్రం జారుతుంది. మన బొగ్గు బాయి సంగతే చూడండి. ఏటవాలు దారిలో టబ్బులు వాటంతట అవి పైకి రావు. హాలేజీ తాడు గుంజాలె.

హైదరాబాద్ మెట్రో స్తంభాల మీద పోతుంది. కింద ఉన్న ట్రాఫిక్ దానికి అడ్డం రాదు. 2017 నవంబరులో మొదలైంది. మూడు దారులు కలిపి సుమారు 69 కిలోమీటర్లు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే మెట్రో ఎక్కవచ్చు. అమీర్‌పేటలో మారి పంజగుట్టలో దిగితే నిమ్స్ దవాఖాన దగ్గర. స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి. ముసలివాళ్లకు మేలు. కానీ టికెట్ కొనాలె. బస్తీ లోపలికి మెట్రో రాదు.

ఎంఎంటీఎస్ అని ఇంకో రైలు ఉంది. 2003 నుంచి నడుస్తున్నది. టికెట్ తక్కువ. కానీ టైము చూసుకొని పోవాలె.

బస్సు

బస్సుది రబ్బరు టైరు. రోడ్డును పట్టుకుంటుంది. ఎత్తు ఎక్కుతుంది, మలుపు తిరుగుతుంది. తిరుమల కొండకు బస్సులే పోతాయి కదా! అక్కడ మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేశారు. రెండోది 1974లో వచ్చింది. ఇప్పుడు ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి.

మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. హైదరాబాద్‌లో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా అంతే. తెలంగాణ వాళ్లమని చూపే గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలె. కండక్టరు ఇచ్చే జీరో టికెట్ తప్పక తీసుకోవాలె.

బస్సుకు ఒక చిక్కు ఉంది. రోడ్డు నిండితే బస్సు నిలుస్తుంది. దవాఖాన చీటీ టైము దాటిపోవచ్చు.

తాడు బండి

విశాఖపట్నంలో, విజయవాడలో పేదల ఇండ్లు చాలా కొండవాలు మీద ఉన్నాయి. బస్సు కొండ కిందనే ఆగుతుంది. అక్కడి నుంచి మెట్లే. బియ్యం మూట ఎత్తుకొని ఆడవాళ్లు మెట్లెక్కాలె. నిండు చూలాలు కూడా ఆ మెట్లే దిగి దవాఖానకు పోవాలె. విశాఖలో కైలాసగిరికి రోప్‌వే ఉంది. అది కొండ చూడ వచ్చేవాళ్ల కోసం.

కొలంబియా అనే దేశంలో మెడెలిన్ అనే ఊరుంది. అక్కడ 2004లో కొండ మీది బస్తీలకే రోప్‌వే వేశారు. తాడుకు వేలాడే చిన్న డబ్బాలు జనాన్ని కింది మెట్రో దాకా చేరుస్తాయి. బొలీవియా దేశంలో లా పాజ్ అనే ఊళ్లో కూడా 2014 నుంచి ఇట్లాంటివి నడుస్తున్నాయి. డబ్బాలో పదిమందే పడతారు. కానీ ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. మన సింగరేణిలో కొన్ని బాయిల్లో కార్మికులు తాడు కుర్చీల మీద కూర్చొని దిగుతారు కదా! ఇది కూడా అటువంటిదే.

ఏది మేలు?

దూరానికి, తొందరకు మెట్రో. బస్తీకి, గుట్టకు బస్సు. మెట్లు తప్ప దారి లేని కొండకు తాడు బండి. మూడూ ఒకదానికొకటి కలవాలె. కలవకపోతే మిగిలిన దారి మనం నడవాలె, లేదా ఆటోకు పెట్టాలె. అందుకే టికెట్ ధర ఒక్కటే చూడొద్దు. ఇంటి గడప నుంచి పోయే చోటు దాకా లెక్క వేయాలె. ఎంత డబ్బు? ఎంత సేపు? ఎంత నడక? రాత్రి దిగితే భయం లేదా?

ఈ లెక్క పట్నానికే కాదు. రామగుండం స్టేషన్లో రాత్రి రైలు దిగితే మన కాలనీకి ఎట్లా వస్తున్నాం? బస్సు కావాలంటే ఆర్టీసీ డిపోకు అర్జీ పెట్టవచ్చు. ఇదివరకు అర్జీ రాయమని ఇంకొకరిని బతిమాలినం. ఇప్పుడు మనమే రాద్దాం. అందరం సంతకాలు చేద్దాం.

ఆలోచించండి – చర్చించండి

1. మీ ఇంటి నుంచి బస్టాపుకు ఎంతసేపు నడవాలె?
2. పోయినసారి పట్నంలో ఆటోకు ఎంత ఇచ్చారు? బస్సులో, మెట్రోలో అయితే ఎంత అయ్యేది?
3. మీ వాడకు ఏ టైములో బస్సు కావాలె? అర్జీ రాయండి.