పట్టా చేతికొచ్చాక

 

రాజీవ్ రహదారి మీద ఉన్న మన ప్రజ్ఞాపూర్ నుంచి హైదరాబాద్ వెళ్లి యూనివర్సిటీ చదువులు పూర్తిచేసినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. పట్టా వచ్చాక మొదటి ఉద్యోగం దొరికేదాకా గడిచే కాలమే కష్టమైనది.

గ్రూప్-1 సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు ప్రకటన వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్, పేపర్ల లీకేజీ బయటపడ్డాక రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వెలువడింది. నిజాయితీగా చదివిన పిల్లల తప్పేమీ లేకుండానే దాదాపు రెండేళ్లు కరిగిపోయాయి.

అందుకని గ్రూప్స్ రాయొద్దని అనను. ఉత్త ఎదురుచూపు వద్దంటాను. చిన్న జీతమైనా ఒక పని పట్టుకొని చదవండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ, ఇంజనీరింగ్ వాళ్లకూ స్టైపెండ్‌తో శిక్షణ దొరుకుతుంది. పదిమందితో మాట్లాడటం, వేళకు పని ముగించడం అక్కడే అలవడతాయి. రేపు ఏ ఉద్యోగమొచ్చినా అవి వెంట వస్తాయి.

తల్లిదండ్రులకు ఒక మనవి. "ఇంకా రాలేదా?" అని రోజూ అడగకండి. ఆ మాట పరీక్షకన్నా బరువు.

ఇక ఉద్యోగాల్లో స్థిరపడ్డ మనం ఏడాదికి ఒక్కరి బయోడేటా అయినా సరిదిద్దుదాం. ఇంటర్వ్యూకు పట్నం వచ్చిన మన బడి పిల్లలకు ఆ రాత్రి మన ఇంట్లో ఇంత చోటిద్దాం.

సెలవు.